స్టేజీ పేరు

అంబాజీపేటలో కొబ్బరి యార్డు దాటాక
మూడు చెక్క తలుపుల కొట్టు.
బోర్డు మీద దొంతంశెట్టి వారి పేరు వానలకి కారిపోయి
'మగవారి దుస్తులు' ఒక్కటే మిగిలింది.

ఆ మెట్లు ఆడవాళ్ళు ఎక్కేవారు కాదు.
ఎక్కినా, పంచెల చాపు బేరమాడే మొగుడి వెనకాల
గుమ్మంలోనే ఆగిపోయేవారు.
నేను ఒక్కదాన్నే ఎక్కాను.
"ఖాకీ కావాలండి. నాకే."

పరుపు మీద జారబడి బనీన్లు చూస్తున్న ఇద్దరు
నవ్వు ఆపుకోలేదు.
భీమేశం గారు ఆ నవ్వు విననట్టే
నిచ్చెనేసుకుని పై అరలోంచి తాను దించారు.
దొర్లిస్తే గుప్పుమంది గంజి వాసన,
మా ఆయన డ్యూటీకెళ్ళే పొద్దుటి వాసన.

ఇనప గజంబద్దతో కొలిచి
ఆపైన నాలుగు వేళ్ళు వదిలి
కత్తెరతో చిన్న గాటు పెట్టి, చర్రున చింపారు.
"భుజాల దగ్గర వదులుగా కుట్టించండమ్మా.
రోజంతా టికెట్లు చింపాలి కదా, ఆయ్."

ఎర్ర అట్ట పద్దు పుస్తకంలో మా ఆయన పేరు.
నూట నలభై రెండు బాకీ.
పోయిన మనిషిదని జాలిపడి కొట్టేస్తారేమోనని
నా భయం.
కొట్టెయ్యలేదు.
పేజీ నావైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చారు.
ఆ పేరు కింద నా పేరు రాసుకున్నాను.
మూడు జీతాల్లో తీరింది.
అడ్డగీత కూడా నన్నే గియ్యమన్నారు.

ఊరందరికీ చొక్కాలమ్మిన మనిషి
తను తొడుక్కునేది తానుల చివర మిగిలిన ముక్కలు.
ఒళ్ళొక రంగు, జేబొక రంగు.
అదేంటండీ అంటే
"వెతుక్కోకుండా జేబు కనపడుద్దండి" అనేవారు,
అందులో ఎప్పుడూ ఒక సుద్దముక్క.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు. అద్దాల తలుపు.
నా చేతిలో టికెట్ల మిషను,
అందులో ఆ స్టేజీ పేరు యార్డు సెంటరు.
గన్నవరం అక్విడెక్టు దాటి
కాలవ పక్క మలుపులన్నీ తిరిగొచ్చాక
నా నోరు మాత్రం
"భీమేశం గారి కొట్టు! దిగేవాళ్ళు ముందుకి రండి"
అనే అరుస్తుంది.

నిన్న ఎవరో కొత్త కుర్రాడు దిగి
అటూ ఇటూ చూసి
"కొట్టేదండీ?" అన్నాడు.
అప్పటికే విజిలు నోట్లో ఉంది.