నాలుగు సున్నాలు

చెంగల్రాయుడన్న నంబరు
ఓటేరి మొదలుకొని పుళియన్‌తోపు దాకా
గోడల మీద ఉంది.
నీలం రంగుతో తనే కుంచె పట్టి రాసుకున్నాడు:
మోటారు రిపేరు, కాయిలు చుట్టబడును,
రాత్రీ పగలూ.
చివరి ఏడు ప్రతిచోటా కాస్త వాలి ఉంటుంది,
నిచ్చెన మీదినుంచి చెయ్యి అంతవరకే అందినట్టు.

కంపెనీ మార్చమని చెప్పింది నేనే.
పాతవాళ్ళ టవరు ఆయన షాపులోకి తొంగి చూడదు,
వీధి చివర టీ అంగడి దగ్గరికి పోయి
ఒక చెవి మూసుకుంటే తప్ప మాట నిలవదు.
"నంబరు పోదు గదా పాపా?" అన్నాడు.
"ఇల్లు మారితే ఇంటిపేరు పోతుందా అన్నా?" అన్నాను,
ఈ కౌంటరు వెనక రోజుకి పదిసార్లు అనే మాటే.
పంతొమ్మిది వందలకి ఒక మెసేజీ,
ఎనిమిది అక్షరాల కోడు, వేలిముద్ర,
పాత బాకీ నలభై రూపాయలు.
మూడో రాత్రి పాత సిమ్ము చచ్చిపోయింది.
కొత్తది బతికింది,
సగం.

ఆయన ఎవరికి చేసినా పోతుంది.
ఆయనకి మాత్రం సగంమందే వస్తారు.
పాత కంపెనీ ఫోన్లన్నిటికీ
ఒక ఆడగొంతు అడ్డం వచ్చి, ఎంతో మర్యాదగా,
బీప్ తర్వాత మీ సందేశం వదలమంటుంది.

అప్పుడే పట్టింది కార్తీకం వాన.
గణేశపురం సబ్‌వే నిండింది,
సంపుల్లోకి కాలవ నీళ్ళు దిగాయి,
పేట మోటార్లన్నీ మునుగుతుంటే
మోటార్ల మనిషి ఫోను
పొడిగా, చల్లగా, నా గాజుబల్ల మీద.

సిమ్ము తీసి కొంగుకి తుడిచి పెట్టాను.
ఆపి వేశాను. నెట్‌వర్కు నేనే ఎంచాను.
హ్యాష్ హ్యాష్ సున్నా సున్నా రెండు హ్యాష్,
అన్నీ రద్దయ్యాయంది తెర.
ఏదీ రద్దు కాలేదు.
కొత్త కంపెనీ పాతవాళ్ళని అడగమంది.
పాతవాళ్ళు, మీరు మా కస్టమరు కాదు సార్ అన్నారు,
అంటూనే పదమూడంకెల ఫిర్యాదు నంబరిచ్చారు.
రాయమని అన్న గ్రీజు చెయ్యి చాపాడు.
పెన్ను పట్టలేదు.

ఆరో రోజు ఇన్బరసి అనే సూపర్‌వైజరు
గొంతు తగ్గించి చెప్పింది:
పెట్టె ఇంకా ఉంది, సాయంత్రానికి తీసేస్తాం,
వేరే ఫోనులోంచి చేసి పిన్ను నొక్కండి.
ఏం పిన్ను? ఆయనెప్పుడూ పెట్టలేదు.
పెట్టనివాళ్ళకి నాలుగు సున్నాలట.
ఐదేళ్ళుగా ఆ తలుపుకి తాళం లేదు,
ఆయనకి తలుపున్న సంగతే తెలీదు.

స్పీకరు వేశాను. ఇరవై మూడు.
"అన్నా, మోటారు ముట్టుకుంటే షాకు కొడతాంది."
"నేను సెల్వి, హాస్టలు. ముప్పైమంది పిల్లలు, తాగను నీళ్ళు లేవు."
మళ్ళీ సెల్వి.
మళ్ళీ సెల్వి, ఈసారి తిట్లు.
ఒకరెవరో ఏమీ అనలేదు,
వానని వినిపించి పెట్టేశారు.
ఒక ముసలాయన, దగ్గుతూ:
"వేరేవాణ్ణి పిలిచాలే, ఏమనుకోకు.
నీకు ఒళ్ళు బాగుందా?"
అన్న ఆపమన్నాడు. మళ్ళీ వేయమన్నాడు.

పంతొమ్మిదోది తెలిసిన గొంతు, గట్టిగా, కోపంగా:
"ఎవురమ్మా మాట్లాడేది? ఈ నంబరు నాది.
నేనే, చెంగల్రాయుణ్ణి.
వాణ్ణి పిలువు."
టీ అంగడి ఫోనులోంచి పరీక్షకి చేసినట్టున్నాడు.
నవ్వబోయి ఊరుకున్నాను.
ఆయన గోళ్ళలో గ్రీజు చూసుకుంటున్నాడు.

ఏడు దాటాక కొత్త సిమ్ము మోగింది.
లోను ఇస్తామంటూ ఎవరో అమ్మాయి.
నేనైతే కట్ చేసేదాన్ని.
అన్న రెండు చేతులతో పట్టుకుని,
"చెప్పు తల్లీ, వడ్డీ ఎంత?
నా మాట వినపడతా ఉందా?
నీది ఏ కంపెనీ ఫోను?" అంటూ
పనిసంచి భుజానేసుకుని వానలోకి దిగాడు,
హాస్టలు వైపు.