గడపకు ఇవతల

మైనస్ ఇరవై రెండు.
మోంటానాలో చలి ముందు చెవులు కొరికి
ఆ తర్వాతే పలకరిస్తుంది.
వరండాలో నేను, బూట్ల కింద కిర్రుమంటున్న మంచు,
నడుముకు తుపాకీ, ఛాతీ మీద బిళ్ళ.
ఎదురుగా ఒక తలుపు.

తలుపంటే పేరుకే.
కింది అంచు చివికిపోయి, మేకు ఊడి,
గాలికే గొణిగే పాత ప్లైవుడ్ చెక్క.
ఒక్క తన్ను చాలు.
నాకు తెలుసు. లోపలున్న డెల్ఫీన్ లావెర్దూర్‌కీ తెలుసు.

“కాగితం ఉందా?” అంది సందులోంచి.
ఒక కన్ను, సగం నెరిసిన జడ,
ఉడుకుతున్న చిక్కుడు గింజల వాసన.
“లేదు. ఒక్కసారి చూసి వెళ్తాను.”
“అయితే లేదు.”
అరవలేదు. గొళ్ళెం కూడా పెట్టలేదు.

పన్నెండు మైళ్ళు వెనక్కి, జడ్జి ఓస్ట్‌బీ ఇంటికి.
ఉన్ని మేజోళ్ళతో తలుపు తీసి,
సగం తిన్న ఆపిల్ పై పక్కకు జరిపి,
వంటింటి బల్ల మీద నా ప్రమాణపత్రం చదివాడు.
“ఎవరు చూశారు?”
ఎవరో చూశారని ఎవరో చెప్పారు.
“ఏ గది?”
తెలీదన్నాను. పోయింది జనరేటర్ అన్నాను.
“నీకున్నది అనుమానం, లైల్.
అది నాకూ ఉంది. దాంతో తలుపులు తెరుచుకోవు.”
కలం మూత తీయనే లేదు.

చట్టం రాసినవాళ్ళు హెలెనాలో దుప్పట్లు ముసుగేసుకున్నారు.
దానికి అర్థం చెప్పేవాడు పై తింటున్నాడు.
మోసేవాణ్ణి నేను, హీటర్ చెడిన కారులో.
ముగ్గుర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టకూడదని
ఎప్పుడో ఎవరో భయపడ్డారు.
రెండు వందల ఏళ్ళు దాటినా
ఆ భయానికి పెట్రోలు పోస్తున్నది మాత్రం నేనే.

షెరీఫ్ పొద్దున్నే తిడతాడు.
తిట్టనీ. ఆయన ఓట్లు ఆయనవి.
నేను చెయ్యెత్తి ప్రమాణం చేసింది ఆయన పేరు మీద కాదు,
ఇప్పటిదాకా చివరంటా చదవని
ఒక కాగితం మీద.

మళ్ళీ అదే వరండా. ఎందుకు వెళ్ళానో తెలీదు.
“ఇవ్వలేదు” అన్నాను.
ఈసారి తలుపు ఇంకో బెత్తెడు తెరిచింది.

“మా అమ్మమ్మ తలుపు ఎవరూ తట్టలేదు.
నేరుగా లోపలికొచ్చి
పిల్లల్ని బండెక్కించుకుపోయారు, బడికని.
ఇద్దరు తిరిగొచ్చారు. ముగ్గురు పోయారు.
నీ కాగితం అప్పుడూ ఉంది కదా?”

ఉంది.
ఆ ఒక్క మాట నోట్లోనే గడ్డకట్టింది.

“మా గడప దాకా నడిచి రావడానికి
దానికింత కాలం పట్టింది” అని,
నా బూట్ల వైపు చూసింది.
అవి గడపకు జానెడు ఇవతల ఉన్నాయి.
కాఫీ ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు.

తలుపు మూసుకున్నాక
ఇంటి వెనక ఏదో ఇంజిను రెండుసార్లు దగ్గి
మూడోసారి అందుకుంది.
జనరేటరో, ముసలి ఫ్రిజ్జో.
తెలుసుకునే హక్కు
ఈ రాత్రికి నాకు లేదు.

మెట్లు దిగాను,
జారకుండా, ఊగుతున్న కమ్మీ పట్టుకుని.