కొమ్ము పొర

పర్లాకిమిడిలో కరెంటు పోయి వచ్చేలోగా
వీడియో మీద ఇంకో పొర పరిచాను.
కింద పంచానన మహారణా చేతులు,
సెగకు మెత్తబడ్డ గేదె కొమ్ముని
కొంగ మెడగా వంచుతూ.
పైన నా పసుపు వలయం, ఒక బాణం,
ఇక్కడ నొక్కాలి అని తెలుగులో రెండు మాటలు.

నలభై రెండో సెకనుకి వలయం రావాలి.
వస్తోంది, సరిగ్గానే.
ఫోను అడ్డంగా తిప్పితే మాత్రం
కొంగని వదిలేసి
గోడ మీది క్యాలెండరుని చుట్టుకుంటోంది.

అది సరిచేస్తే ఇంకోటి.
వీడియో ఆగదు.
ఎంత నొక్కినా కింది మీటకి వేలు తగలదు,
కంటికి కనబడని నా పొరే
మధ్యలో మింగేస్తోంది ప్రతి తాకిడినీ.
రెండు రాత్రులు వెతికాను.
ఒక్క వరుస రాస్తే సరిపోయింది:
నీది కానిదాన్ని కిందకి పోనీ.

తెల్లారి చూపించాను.
ఆయన ఒడియాలో ఏదో గొణిగి
నా కోసం తెలుగులోకి మళ్లాడు.
"బాగుంది గానమ్మీ, నీ సెక్రం కింద
నా బొటనేలేదీ? పనంతా అదే సేస్తాది."

వలయాన్ని పలచన చేశాను. ఇంకా పలచన.
తల ఊపలేదు.

బల్ల కింద నుంచి ఓ కొమ్ము పెచ్చు తీసి
గీకి, గీకి, నూనె చుక్క రాసి, మెరుగు పెట్టి
కిటికీకేసి ఎత్తి పట్టుకున్నాడు.
తేనెరంగులోంచి మసగ్గా
మహేంద్రతనయ వంతెన,
పాతపట్నం పోతున్న ఆటో,
వెనక వేలాడుతున్న కుర్రాడి చొక్కా కూడా.

"ఇంత" అన్నాడు.

ఎంతో అంకెలో చెప్పలేదు.
ఆ పెచ్చుని తెచ్చుకుని ఫోను తెర మీద పెట్టి
చూస్తున్నాను,
సున్నా పాయింటు రెండా, ఒకటిన్నరా.