ఊ కొట్టేవాళ్ళు

హామిల్టన్‌లో శనివారం రాత్రి,
ఉక్కు మిల్లు పొగ మంచులో కలిసిపోయి
ఏది ఏదో తెలియని వేళ,
బార్టన్ వీధి హాల్లోంచి బయటపడి
డోనట్ల కొట్టులో కూలబడతాం నలుగురం.
కప్పుల మూతలు తీయకముందే
తీర్పు మొదలవుతుంది.

"నెలలో నాలుగు చేతులు మారింది బెల్టు,"
అంటుంది జ్డెన్కా, ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడిపే మనిషి.
"నా బస్సులో కిటికీ పక్క సీటు కూడా
అంత తొందరగా ఖాళీ అవదు."

ఆర్మిందో చక్కెర పొట్లాం చింపి, పోయడం మర్చిపోతాడు.
"క్రోల్ ముసలాడు ఉంటేనా..."
మొదలుపెడతాడు, ముగించడు.
ముగించక్కర్లేదు, మాకందరికీ కంఠస్థమే:

డాక్టర్ నవంబర్ పదకొండు నెలలు
కుడిచేతి తొడుగు విప్పలేదు.
ఎందుకో చెప్పలేదు.
గెలిచినా, ఓడినా, చెమటకి తోలు కుళ్ళి వాసనొచ్చినా
విప్పలేదు.
మిల్లులో షిఫ్టు మారేటప్పుడు పందేలు కాశాం.
మా ఆవిడ పురిటి నొప్పుల మధ్య అడిగింది,
"విప్పాడా?" అని.
విప్పిన రాత్రి హాలు హాలంతా లేచి నిలబడింది.
లోపల ఏమీ లేదు.
మామూలు చెయ్యి.
ఆ మామూలు చెయ్యి చాచి
ఫర్నేస్ మెకాలేకి క్షమాపణ చెప్పాడు.
నా పక్కన, క్రేను నడిపే ఫెర్గస్
టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

అంతా ఒట్టిదని తెలుసు.
ఎప్పుడూ తెలుసు.
ఎవరు పడాలో, ఎప్పుడు పడాలో
సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసేవాడు క్రోల్.
తెలిసి తెలిసి మోసపోవడానికే
పదకొండు డాలర్లు ఇచ్చేవాళ్ళం.
మోసం మాత్రం నికార్సుగా ఉండాలి.

ఇప్పుడు అల్లుడు ఎమెరీ రాస్తున్నాడు.
ఈ శనివారం పుట్టిన పగ
వచ్చే శనివారానికి చల్లారిపోతుంది.
తమ్ముడన్నవాడు తమ్ముడు కాదట, మళ్ళీ తమ్ముడేనట.
దీపాలు ఆర్పుతాడు, వెలిగిస్తాడు,
బరిలో ఇంకొకడు నిలబడి ఉంటాడు.
మొదటిసారి ఉలిక్కిపడ్డాం.
ఆరోసారి కరెంటు బిల్లు గుర్తొచ్చింది.

ఇంతవరకు అందరిదీ ఒకే మాట.
ఇక్కడే నా నోరు ఊరుకోదు.

క్రోల్ చివరి మూడేళ్ళ మాట ఎవరూ ఎత్తరేం?
యాభై నాలుగేళ్ళ మెకాలే
రెండు మోకాళ్ళకీ కట్లతో
తాడు పట్టుకుని మెట్టెక్కేవాడు.
వాడి చేతిలో ఓడటానికి
కుర్రాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు.
అందులో గాల్లో రెండు పల్టీలు కొట్టగలిగినవాడొకడు
ఇప్పుడు ఓక్‌విల్‌లో ఇళ్ళకి పైకప్పులు వేస్తున్నాడు.
మనం చప్పట్లు కొట్టాం.
నేను ఈల కూడా వేశాను.
ముసలాడు అట్ట మీద రాసింది
మన చప్పుడు వినే కదా?

ఆర్మిందో కాఫీలోకి చూస్తాడు.
"అది వేరు," అంటాడు.

పోయిన శనివారం విరామంలో
ఎమెరీ తనే మడత కుర్చీలు సర్దుకుంటూ
మూడో వరస దాకా వచ్చాడు.
జ్డెన్కా కడిగేసింది.
మడవబోయిన కుర్చీని అలాగే పట్టుకుని విన్నాడు.
"మీరైతే ఏం రాస్తారు?" అన్నాడు,
ఎగతాళిగా కాదు.
ఊళ్ళో ప్రతి మలుపూ తెలిసిన మనిషి
ఆ మలుపు దగ్గర ఆగిపోయింది.
చాలాసేపటికి అంది:
"ఒకణ్ణి ఓడిపోనివ్వు.
కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వు."
కాగితం కోసం జేబులు తడుముకున్నాడు, దొరకలేదు.
అరచేతి మీద రాసుకున్నాడు.

కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు కావాలి.
మేం కొట్టేది బూ.
రెండు పెదవుల తేడా, అంతే.

పన్నెండవుతుంది. కథ కంచికి వెళ్ళదు.
సొంత కారుని కూడా బస్సులాగే నడుపుతూ
జ్డెన్కా ఒక్కొక్కర్నీ దించుతుంది.
ఫెర్గస్ దిగి, తలుపు వెయ్యకుండా,
"వచ్చే వారం మూడో వరసే కదా?" అంటాడు.
చలి లోపలికొస్తుంది.
ఎవరూ జవాబు చెప్పరు.
నాలుగు టిక్కెట్లూ
నా కోటు జేబులోనే ఉన్నాయి.