విడిచిన ముడి

ఇరవై రెండేళ్లు సీతారాంపురం వీధుల్లో
మోపెడ్ మీద లేసు పోగుచేశాను.
డజను లెక్క, గ్రాము లెక్క, ముడి లెక్క.
సువార్తమ్మ గారి డజనులో మాత్రం
ప్రతి ముక్కకీ అంచున ఒక ముడి ఉండదు.

"మర్చిపోయారండి" అన్నాను మొదటిసారి.
"మర్చిపోలేదు గవర్రాజూ, విడిచాను."

కంపెనీ ముక్కకి అర్ధరూపాయి కోసింది.
నేను రూపాయన్నాను.
ఆవిడ కోయించుకుంది.

కథ నాకు చీటీ డబ్బులా వాయిదాల్లో ముట్టింది.
వాళ్ళ ముత్తవ్వకి కొక్కెం సూది పట్టడం నేర్పిన దొరసాని
సూదితోపాటే ఇచ్చిన కథ.
ఆ దొరసానిది స్కాట్లాండు.
సువార్తమ్మ నోట్లో అది సాట్లాండు,
పెనుగొండ దాటి కాస్త ఎడమకి తిరిగితే వచ్చేట్టు.

అక్కడ సముద్రంలో సీలని ఒక జీవం.
వెన్నెల్లో ఒడ్డుకొచ్చి తోలు విడిస్తే ఆడమనిషి.
ఎవడో చూశాడు, తోలు దాచాడు, కాపురానికి తెచ్చుకున్నాడు.
"సీలంటే ఏంటండీ?"
"నీటికుక్క బాబూ. కోరింగ మడల్లో తిరగవూ, అదే.
కొంచెం దొరల జాతి."

తోలు ఎక్కడ దాచాడో
దొరసాని ఏం చెప్పిందో తెలీదు.
ముత్తవ్వ దాన్ని గాదెలో పెట్టింది,
అమ్మమ్మ చూరులోకి మార్చింది,
సువార్తమ్మ దగ్గరికొచ్చేసరికి
బీరువా మీద, పెళ్ళినాటి సూట్‌కేసులో.

ఏడుగురు పిల్లలయ్యాక చిన్నదానికి దొరికింది.
"అమ్మా, ఇదేంటే, ఉప్పునీటి వాసనొస్తంది?"
ఆమె చేస్తున్న పని ఆపలేదట.
గంజి చివరిబొట్టు దాకా వార్చి,
గిన్నె నిలబెట్టి, చేతులు తుడుచుకుని
వెళ్ళింది.

"అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర
పోటువేళ నల్లటి తలొకటి పైకి లేస్తది బాబూ.
ఒడ్డున పిల్లలెవరైనా ఉన్నారేమోనని."
"మీరు చూశారా?"
"చూసినోళ్ళు చెప్తారేంటి?"

అలాంటివాళ్ళని అక్కడ పేరెట్టి పిలవరట,
మంచోళ్ళు అంటారట.
మనం రాత్రిపూట పాముని పురుగనమూ, అలా.
దీపం పెట్టాక ఆవిడ సూది మాటే ఎత్తదు.
"అదిలా అందుకో" అంటుంది.

పాస్టరు గారు ఒకసారి మెత్తగా మందలించారు,
ఇవన్నీ వాక్యంలో లేవమ్మా అని.
"లేసూ లేదండి" అందట.

మరి ముడి?
"ఆ పిల్లకి దారి దొరకడానికి ఏడు కాన్పులు పట్టింది గదా.
నా అల్లికలో ఎవరన్నా చిక్కుకుంటే
అంత ఆలస్యం కాకూడదని."

మొన్న సఖినేటిపల్లి పంటు మీద
పదో తరగతి పిల్ల ఒకతి ఫోన్లో బొమ్మల సినిమా పెట్టింది.
పచ్చటి సముద్రం, తోలు, అదే ఆడమనిషి.
రొయ్యల బుట్టలవాళ్ళు వంగారు,
టిక్కెట్ల కుర్రాడు చిల్లర చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.
ఏ దేశమని ఒక్కరూ అడగలేదు.
ఒక ముసలామె మాత్రం, రేవు వస్తుంటే,
"దొరికిందా దానికి?" అంది.
పిల్ల సమాధానం చెప్పేలోగా పంటు ఒడ్డుకి తగిలింది.

ఇంటికొచ్చి బీరువా వైపు చూశాను.
సూట్‌కేసు అడుగున, పాత పేపరు కింద,
కాకినాడ ఆసుపత్రి నుంచి
మా పెళ్ళైన ఏడు అనసూయ పేర వచ్చిన ఉత్తరం ఉంది.
నర్సు ఉద్యోగం. పదిహేను రోజుల్లో చేరాలి.
పోస్టుమాన్ దగ్గర సంతకం నేను చేశాను.
అది సువార్తమ్మకి ఎవరూ చెప్పలేదు.

స్టూలెక్కి దించాను.
దుమ్ము తుడిచి మంచం మీద పెట్టాను.
ఎడమ గొళ్ళెం వేసే ఉంది.
కుడిది వెయ్యలేదు.

వంటింట్లో
గంజి వారుస్తున్న చప్పుడు.