ముక్కుకి మిగిల్చిన చెక్క

ఒమోవా రేవుకి ఓడ రావడానికి ఇంకా పదకొండు రోజులు.
పుహెతిని మామ నాలుగు రోజులుగా
ఉలి ముట్టలేదు.

గంగరావి దుంగని ఒళ్ళో పడుకోబెట్టుకుని
తడిగుడ్డతో తుడుస్తాడు.
తడిస్తేనే చార నిజం చెబుతుందట,
ఎక్కడ మెలిక తిరిగిందో,
ఏ ఏడు వాన పడక బిగుసుకుందో.

బొగ్గుముక్కతో ఒక గీత: కనుబొమ్మ.
బొటనవేలితో చెరిపేస్తాడు.
మళ్ళీ గీత, ఈసారి వెంట్రుకవాసి పైకి.
నాకు ఒళ్ళు మండుతుంది.
"చెక్కుతూ చూసుకోవచ్చుగా?"
"వల కాదే తహియానీ,
తెగితే ముడేసుకోడానికి."

పొట్టమీద ఆనిన చేతులకి మూడేసి వేళ్ళు చాలు,
వేలికీ వేలికీ మధ్య గాడి
బియ్యపుగింజ పట్టేంత.
మోచేతికీ నడుముకీ మధ్య సందు
అన్నిటికన్నా ఆఖర్న,
ముందే తొలిస్తే తలమీది దెబ్బలకి చెయ్యి ఊడుతుంది.
గుండ్రటి ఆ పెద్ద కళ్ళకి
అంచు మాత్రం సన్నగా, చారకి అడ్డం పడకుండా.
ముక్కు దగ్గర ఎందుకో
కావలసినదానికి రెండింతలు చెక్క వదిలాడు.
అడిగితే చెప్పడు.
వాకిట్లో ఎండుతున్న కొబ్బరి మీదికొచ్చిన మేకని అదిలిస్తాడు.

ఐదోరాత్రి నిద్రపట్టలేదు.
లాంతరు తెచ్చుకుని, చిన్న ఉలి తీసుకుని,
ముక్కు ఒక్కటే, కాస్త.
రెండు దెబ్బలు బాగానే పడ్డాయి.
మూడోది చారకి ఎదురెళ్ళింది.
పెచ్చు ఎగిరి సీమపనస ఆకుల్లో పడ్డ చప్పుడు
లోయంతా విన్నట్టనిపించింది.

తెల్లారి మామ చూశాడు.
గాయంలో వేలు పెట్టి లోతు కొలిచాడు.
తిడతాడని నిలబడ్డాను.
తడిగుడ్డతో మొహమంతా చెరిపేసి
కనుబొమ్మనీ కళ్ళనీ పెదవినీ
అరవేలు వెనక్కి జరిపి గీశాడు.
గాయం కొత్త గీత బయటే ఉండిపోయింది,
పోయే చెక్కలో.

"ఐదురోజులు ఆగావు," అన్నాడు,
"నేను మూడే అనుకున్నా."

పెచ్చు నా జేబులో ఉంది,
వాసన ఇంకా పోలేదు.
ఓడకి ఆరు రోజులు.
మామ ఉలి ఇస్తాడని చెయ్యి చాపాను.
తడిగుడ్డ పెట్టాడు.