రెండో గీత

ఫారంలో ఒక్క గడే మిగిలింది.
ఫ్రేము టైటానియం, అది ఎప్పుడో రాసేశాను.
కాలి పొడుగు, చేతి పొడుగు, భుజాల వెడల్పు
గోడకి వీపు ఆనించి డిల్లేసు చేత కొలిపించుకున్నాను.
సీటు కింది గొట్టం లావెంత, అనే ఆ గడి
వారం రోజులుగా నా వంకే చూస్తోంది.

పూణేలో ఫ్రేము అతికే కుర్రాడు ఫోన్ చేశాడు.
ముప్పై ఒకటి పాయింటు ఆరు పెట్టుకోండి మేడం,
గట్టిగా ఉంటుంది.
ఇరవై ఏడు పాయింటు రెండైతే కాస్త ఊగుతుంది.
ఏదైనా ఇప్పుడే చెప్పండి,
అతికాక గొట్టం మళ్ళీ సన్నబడదు.

తేడా నాలుగు మిల్లీమీటర్లు, ఆ పైన కొంచెం.
కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా
వెర్నియర్ పట్టుకోవడం నేర్పుతున్న చేతులివి.
ప్రధాన స్కేలు చదువు,
ఏ గీత ఏ గీతతో కలిసిందో చూడు,
అన్నిటికన్నా ముందు దవడలు మూసి
శూన్యాంశ దోషం రాసుకో.
ఒడియా పిల్లలకి ఒడియాలో, మన పిల్లలకి తెలుగులో
అదే మాట.
నా దోషం నడుములో,
నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఉంది.
దాన్ని ఏ లెక్కలోంచి తీసెయ్యాలో
ఏ రికార్డు బుక్కులోనూ లేదు.

ఆదివారం తెల్లారగట్ల
పర్లాకిమిడి దాటి పాతపట్నం వైపు తొక్కుతాను.
ఒడిశా ఎక్కడ అయిపోయిందో
బోర్డు కన్నా ముందు సీటు చెబుతుంది:
తారు మారుతుంది, గుంతల యాస మారుతుంది.
కాశీనగర్ దారిలో అయితే
ఒక్కో కల్వర్టు
ఒక్కో పూసని పేరు పెట్టి పిలుస్తుంది.

డిల్లేసుని అడిగాను.
"లావుదే ఎయ్యమ్మా, సన్నది ఇరిగిపోతాది.
ఇనపదైతే నానున్నాను గానీ
ఈ టైటానో ఏటో, దీనికి నాకాడ మందు నేదు."
అతని మందు ఒకటే.
నా పాత సైకిలుకి సీటు జారిపోతుంటే
కూల్ డ్రింకు డబ్బా కత్తిరించి
ఆ రేకు చుట్టి దిగ్గొట్టాడు.
ఆరేళ్లయింది. జారలేదు.

కొమ్ము పని చేసే బంచానిధి దగ్గరికి
దువ్వెన కోసం వెళ్లాను, దీని కోసం కాదు.
మాటల్లో పడి చెప్పాను.
టైటానియం అంటే ఏదో మాత్ర అనుకున్నాడు.
లోపలికెళ్లి గేదె కొమ్ము కొంగలు రెండు తెచ్చి పెట్టాడు,
ఒకదాని మెడ చిటికెన వేలంత,
రెండోదానిది అగ్గిపుల్లంత.
మొన్న పిల్లి దూకితే రెండూ కింద పడ్డాయట.
ఏది విరిగిందో చెప్పమన్నాడు.
లావు మెడ మీద జిగురు మరక.
సన్నది ఊగి ఊరుకుంది.
"కొంగ మీద ఎవరూ కూర్చోరు కదా" అన్నాను.
కాసేపు ఆలోచించి,
"అదీ నిజమే" అన్నాడు.
దువ్వెనకి డబ్బులిచ్చి వచ్చేశాను.

మా ఊరికి ఒకప్పుడు
రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలొచ్చేది.
ఆ పట్టాలు పీకి వెడల్పువి పరిచారు.
గొట్టానికి ఆ వీలు లేదు.

సాయంత్రం ల్యాబు తాళం వేసే ముందు
వెర్నియర్ తీసి ముప్పై ఒకటి దాకా తెరిచి
ఆరో గీత కలిపాను.
కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే
ఆ ఖాళీ ఎవరో ఎనభై కిలోల మనిషిది.
నేను యాభై ఆరు.
మెల్లగా మూసుకుంటూ వచ్చి
ఇరవై ఏడు దాటాక రెండో గీత దగ్గర ఆపాను.
గొట్టం ఇంకా పుట్టలేదు,
దాని చోటు మాత్రం నా వేళ్ల మధ్య ఉంది.
నడుము ఏమీ అనలేదు.
అది ఊరుకోవడం అరుదు.

ఆ రాత్రే గడి నింపాను.
నిజంగానేనా మేడం, అని కుర్రాడు మళ్ళీ అడిగాడు.
పి.ఎఫ్. లోనులో సగం అప్పటికే కట్టేశాను,
నిజంగానే అన్నాను.

ఈసారి రేకు ముక్క అక్కర్లేదు డిల్లేసూ,
గొట్టంలో గొట్టం సరిగ్గా పడుతుంది, అని చెప్పాను.
"సరేనమ్మా" అన్నాడు గానీ
కడిగి బోర్లించిన డబ్బా ఒకటి
పంపు పక్కనే ఉంచాడు,
పారెయ్యలేదు.